కుడి చక్రం మీది ‘ఇ’

నాలుగు రోజులుగా నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పుస్తకం తెరుస్తాను, రెండు వాక్యాలు చదవకుండానే మూసేస్తాను. వరండాలోకి వెళ్తాను, మళ్ళీ బల్ల దగ్గరికే వస్తాను. బల్ల మీద అరచేతిలో పట్టేంత ఇనుప మూత ఒకటి ఉంది. గేటు గొళ్ళెం కోసం కోరుట్లలోని పాత ఇనుప సామాను దుకాణానికి వెళ్ళినప్పుడు, అక్కడ సగం కోసి పడేసిన పికప్ బండి కనిపించింది. దాని ముందు చక్రాలకు ఉన్న మూతలను చూడగానే అది ఒకప్పటి మా బండేనని గుర్తుపట్టి, కుడి చక్రానిది అడిగి తెచ్చుకున్నాను.

ఇరవై అయిదేళ్ళ పైమాట. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. జగిత్యాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగంలో అప్పుడే చేరాను. మా బాపు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. మా అన్న గల్ఫ్‌లో అయిదేళ్ళు ఎడారి బండ్లు నడిపి సెలవు మీద వచ్చినప్పుడు, అతని బిడ్డ తలుపు చాటు నుంచి తొంగిచూసి, వచ్చినవాడు ఎవరో తెలియక ‘మామా’ అని పిలిచింది. అందరం నవ్వాము, అన్న కూడా నవ్వాడు గానీ, ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని తినలేకపోయాడు. తిరుగు ప్రయాణానికి నెల గడువుంది. ఈలోగా ఊళ్ళోనే బతుకుదెరువు కుదిరితే వీసా కాగితం చింపేస్తానని, దాచుకున్నదంతా పెట్టి ఈ పాత ఫోర్‌వీల్ పికప్ కొన్నాడు.

వానలకు నానిన పొలాల్లోంచి వడ్ల బస్తాలు రోడ్డుకు చేర్చాలి. ట్రాక్టరు పట్టని ఇరుకు గట్ల మీదుగా కూడా ఈ బండి పోగలదని అన్న లెక్క. చిక్కల్లా ముందు చక్రాల హబ్‌లతోనే, అంటే చక్రం నడుమ ఇరుసును పట్టే భాగాలతోనే. అవి ఆటోమేటిక్‌వి, బండి ముందుకు కదిలితే వాటంతట అవే బిగుసుకొని చక్రాలకు ఇంజను బలం అందించేవి, వెనక్కి కదిలితే విడిపోయేవి. బురదలో పడ్డ బండిని ముందుకూ వెనక్కీ ఊపితేనే గదా బయటపడేది? ఊపిన ప్రతిసారీ హబ్ విడిపోయి ముందు చక్రాలు చచ్చుబడేవి. బాపు గట్టు మీద గొంతుకూర్చొని ఇదంతా చూసి, చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకును భుజం మీద సర్దుకుంటూ, “అది దానంతలదే పడే ముడి రా. గసొంటి ముడిని నమ్మి తాడెక్కుతరా ఎవలన్న?” అన్నాడు. ఏ చెట్టైనా ఎక్కే ముందు మోకును రెండుసార్లు గుంజి చూసే మనిషి ఆయన.

ఆ మాటతోనే దారి దొరికింది. హబ్‌ల లోపలి సామాను తీసేసి, చేత్తో తిప్పి బిగించే మూతలు పెట్టించాలనుకున్నాము. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి నేను డ్రాయింగ్ గీశాను. కోరుట్ల మెకానిక్ హబ్‌లు విప్పాడు. సిరిసిల్లలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, పళ్ళ చక్రాలు కోసే లేతు మేస్త్రి కొత్త మూతలు చేశాడు. వాటి మీద గుర్తులు కొట్టే గౌరవం చదువుకున్నవాణ్ణని నాకే ఇచ్చారు. ‘కట్టు’కు ‘క’, ‘విడు’కు ‘వి’ అని, రెండు మూతల మీదా ఒకే వరుసలో శ్రద్ధగా పంచుతో కొట్టాను. మేస్త్రి బీడీ చెవి మీద పెట్టుకొని వంగి చూసి, “సారూ, కుడి దిక్కుది ఉల్ట తిరుగుతది. ఒక్కపారి బండికి పెట్టి సూసినంక కొట్టరాదుండ్రి,” అన్నాడు. డ్రాయింగ్ సరిగ్గానే ఉందని బదులిచ్చాను.

పరీక్ష ఎల్లంతకుంట దగ్గర ఒక పొలంలో జరిగింది. బండి గట్టెక్కితే సీజనంతా పని నీదేనని రైసుమిల్లు సేటు మాటిచ్చాడు. అన్న దిగి, రెండు చక్రాల దగ్గరా వంగి, మూతలను ‘క’ మీదికి తిప్పాడు. బస్తాలతో పది గజాలు వచ్చిందో లేదో బండి ముందు భాగం కుంగింది. కుడి చక్రం అస్సలు పట్టలేదు. ఎంత ఊపినా ఇరుసు దాకా దిగబడడమే. చివరికి చుట్టూ తిరిగి వచ్చిన ట్రాక్టరు లాగింది. సేటు పని ఆ ట్రాక్టరుకే ఇచ్చాడు. నేను కాలేజీకి సెలవు లేక ఆ సాయంత్రమే జగిత్యాల బస్సెక్కాను. రెండు రోజుల తర్వాత అన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి, “లేతు పనే సక్కగ లేదు తియ్‌రా. నాకు గా ఇసుకనే రాసిపెట్టి ఉన్నది,” అని నవ్వాడు. బండి అమ్మేసి, వారానికి విమానమెక్కాడు. నేను మాత్రం చాలా ఏళ్ళు, ఎవరు అడిగినా అడగకపోయినా, సిరిసిల్ల లేతు పనిని తప్పుబడుతూనే వచ్చాను.

ఇప్పుడు ఈ మూత చూడండి. నేను కొట్టిన ‘క’ను అడ్డంగా గీకేసి ఉంది; దాని పక్కన మేకుతో చెక్కిన ‘ఇ’. నా ‘వి’ ఉన్నచోట దాన్నీ గీకేసి, వంకర ‘క’. అంటే మేస్త్రి చెప్పినట్టు కుడి మూత ఉల్టా తిరిగేదే; నేను ‘కట్టు’ అని కొట్టినచోట చక్రం విడిపోయేది. మా వైపు నోట ‘విడు’ అనేది ‘ఇడు’ అనే పలుకుతుంది. అన్న గల్ఫ్ నుంచి ‘ఇమానం’ అని రాస్తే జవాబులో ‘విమానం’ అని దిద్ది పంపేవాణ్ణి నేను. ఆ ‘ఇ’ చివరి వంపును పైకి లాగి వదిలే చేయి ఎవరిదో నాకు తెలియదా? తప్పు ఎక్కడుందో ఆ రెండు రోజుల్లోనే కనిపెట్టాడు. తర్వాత నడిపేవాడు మోసపోకుండా సరిచేశాడు. నాకు మాత్రం చెప్పలేదు. ఇంట్లో చదువుకున్న ఒక్కణ్ణి, నేను బాపు ముందు చిన్నబోకూడదనుకున్నాడు కాబోలు. ఆ మౌనం కింద అతనికి మరో పదకొండేళ్ళ ఎడారి, నాకు నిశ్చింత.

లేతు మేస్త్రి ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పుకోవలసింది చెప్పుకునే వీలు లేదు. అన్న ఉన్నాడు, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో. నిన్న మూత సంచిలో పెట్టుకొని బస్టాండుకు వెళ్ళి, సిరిసిల్ల బస్సులు రెండు వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఈ కాలపు బండ్లలో అద్దం ముందు మీట నొక్కితే చాలునట; ఎవరూ దిగి చక్రం మీద చేయి పెట్టే పని లేదు. మంచిదే. అయితే చేయి పెట్టనిచోట చేతిరాత కూడా మిగలదు గదా అనిపిస్తుంది.

ఏం చెప్పాలో నాలుగు రోజులుగా కాగితం మీద రాసి దిద్దుతున్నాను. ‘క్షమించు’ అని రాశాను, కొట్టేశాను. ‘విడిచిపెట్టు’ అని రాశాను, అదీ కొట్టేశాను. రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్ళి, ఈ మూత అతని చేతిలో పెట్టి, మా ఇంటి మాటలోనే అడుగుతాను: అన్నా, తప్పు నాదే, ఇడిచిపెట్టు.