బలం మందు బొమ్మలో బక్కాయన

నారాయణగూడ మార్కెట్లో మందుల కొట్టు ఎల్లేష్‌తో కూర్మారావుగారు తగువు పడుతుంటే, ఆయన పక్కవాటాలో ఉండే వరహాలమ్మ వంకాయల బేరం మానేసి మరీ చూసింది. కొట్టులో యాభై ఏళ్ల నాటి టానిక్ ప్రకటన పటం కట్టి వేలాడుతోంది. 'తాగకముందు' అని ఒక బక్కాయన, 'తాగాక' అని ఒక వస్తాదు.

"ఆ బక్కాయన నేనేనయ్యా! ఆ బొమ్మ మూలాన రెండు సంబంధాలు తప్పిపోయాయి. నాకు ఒక్క చెంచా పొయ్యలేదు. రోజూ తాగిన ఆ వస్తాదు నలభై దాటకుండానే పోయాడు. నాకు డెబ్భై ఆరు. ఇదీ మీ బలం మందు!"

"జర మెల్లగ మాట్లాడు తాతా, గిరాకీ పోతది!"

అప్పటికే పోయింది. కొందామని ఆ టానిక్ సీసాలు పట్టుకున్న ఇద్దరూ వాటిని బల్ల మీద పెట్టి జారుకున్నారు. ఎల్లేష్ దణ్ణం పెట్టి పటం దించేశాడు.

వరహాలమ్మతో కలిసి చిక్కడపల్లి దాకా పెళ్లికొడుకులా నడిచిన మనిషి, ఇంటి మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగిపోయారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"చెల్లెమ్మా, మోకాళ్లు లేవడం లేదు. ఆనాడు ఖాళీ సీసా చేతికిచ్చి ఫొటో తీశారు గానీ రుచైనా చూపించలేదు. ఇంత వాగాక నేను మళ్లీ ఆ కొట్టుకు ఏ మొహంతో వెళ్లను? నువ్వెళ్లి ఒక సీసా పట్టుకురామ్మా. నాకని మాత్రం చెప్పకు."