చాప మీద కూర్చుంటే కనిపించే బొమ్మ

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో మాకు టీవీల షాపు ఉండేది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి రాగానే ముందు కనిపించేది టీవీ కాదు, చాప. మామూలు తుంగ చాప. అంచులు చిరిగి, కూర్చునీ కూర్చునీ మధ్యలో నల్లబడిపోయింది. టీవీ కొనడానికి ఎవరొచ్చినా మా మావగారు చెప్పులు విప్పించి దాని మీద కూర్చోబెట్టేవారు.

"ఇంటి దగ్గర ఎలా చూస్తారో అలా కూచోండి. పడుకుని చూసే అలవాటుంటే పడుకోండి, ఏం ఫర్వాలేదు" అనేవారు.

ఇస్త్రీ పంచెలు కట్టుకున్న పెద్ద పెద్ద రైతులు నడి షాపులో మోచెయ్యి ఆనించి పక్కకి ఒరిగి టీవీ చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. అప్పటికి నేను కాపురానికొచ్చి రెండేళ్ళు. డిగ్రీ చదివాను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మర్చిపోకుండా చూసుకునేదాన్ని.

గోడకి క్యాలెండరులా తగిలించే పల్చటి ఎల్‌సీడీ టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పక్క షాపుల వాళ్ళు వెనక బొడ్డున్న డబ్బా టీవీలన్నీ గోడౌన్లలోకి నెట్టేసి, ముందంతా ఎల్‌సీడీలు పెట్టారు. మా షాపులో ఎల్‌సీడీలు ఓ మూల, డబ్బా టీవీలు ముందు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు లోకంలో. మా మావగారికి అది తిరగబడినట్టుందని నేను ఇంట్లో ఎగతాళి చేసేదాన్ని. చివరికి ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మావయ్యగారూ, ఇంకా ఈ డబ్బాలు పెట్టుకు కూచుంటే మనది పాతసామాన్ల కొట్టనుకుంటారండి."

"అడిగేవాళ్ళున్నారు కదమ్మా."

"మనం చూపిస్తున్నాం కాబట్టి అడుగుతున్నారండి."

ఆయన నవ్వారు. "సరే. దసరా నుంచి దీపావళి దాకా షాపు నువ్వు చూసుకో. నేను వెనక గదిలో కూచుంటాను, నోరెత్తను. నువ్వన్నట్టే డబ్బా టీవీల అవసరం ఎవరికీ రాకపోతే ఆ తర్వాత కూడా తాళాలు నీ దగ్గరే ఉంటాయి."

మా ఇంట్లో అంతవరకూ ఏ కోడలూ షాపులో కూర్చోలేదు. ఆ తాళాల గుత్తి మీద నాకెంత ఆశ ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. మొదటి రోజే సామర్లకోటలో మాకు తెలిసిన షాపాయనతో మాట్లాడి, మిగిలిన డబ్బా టీవీలన్నీ వ్యాన్లో పంపించేశాను. మావగారు ఒక్కొక్క పెట్టెనీ తువ్వాలుతో తుడిచి మరీ ఎక్కించారు. ఆయన ఏమీ అనకపోవడం నాకింకా మంటగా ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆ చాప చుట్టి వెనక వసారాలో పడేసి, దాని చోట సోఫా వేయించాను.

సోఫా బాగా పనిచేసింది. ఎదురుగా, సరిగ్గా కళ్ళెత్తున ఎల్‌సీడీలు పెట్టాను. ధవళేశ్వరం దిగువ లంక నుంచి వచ్చిన ఒక అరటి రైతు కూర్చోగానే తబ్బిబ్బైపోయాడు.

"ఆయ్, సినిమా హాల్లో ఉన్నట్టుందండి! మా అమ్మ కోసమండి. జారిపడి తుంటి విరిగింది, పక్క మీంచి లేవలేదు. ఆవిడకి పొద్దుపోవాలి కదండి."

వెనక గదిలోంచి మావగారి దగ్గు వినబడింది. వినబడనట్టు ఊరుకుని పెట్టె కట్టించాను.

దీపావళి ఇంకో మూడు రోజులుందనగా ఆ రైతు మళ్ళీ వచ్చాడు. టీవీ ఎలా ఉందండీ అని అడిగాను, పొగడ్త విందామని.

"టీవీ ఫస్ట్ క్లాసండి. మా అమ్మకే చూపు పోతోందండి. టీవీలో మనుషులు నల్లగా దెయ్యాల్లా కనిపిస్తున్నారంటోంది. ఊళ్ళోకి కళ్ళ క్యాంపు వస్తే చూపించాం. కళ్ళు బానే ఉన్నాయన్నారు. ఆవిడ నమ్మటం లేదండి. కాళ్ళు పోయాయి, ఇప్పుడు కళ్ళూ పోయాయని అన్నం మానేసింది. పెద్ద డాక్టరు గారితో మాట్లాడదామని టౌనుకొచ్చి, దారిలో ఇలా ఆగానండి."

మావగారు వెనక గదిలోంచి బయటికొచ్చారు. "టీవీ ఎక్కడ పెట్టారండి?"

"గోడకి, బాగా పైనండి. పిల్లలకి అందకుండా."

"మరి అమ్మగారో?"

"ఎదర నేల మీద పరుపేశామండి."

మావగారు నా వైపు చూశారు. తిడతారనుకున్నాను. "ఓసారి వెళ్ళి చూసి రామ్మా" అన్నారంతే.

ఆ రైతుతో పాటే పడవలో గోదావరి దాటి లంకకి వెళ్ళాను. ఇంట్లోవాళ్ళు కుర్చీ వేశారు. కుర్చీలోంచి బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు లేచి, ఆ ముసలావిడ పరుపు పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నాను. మొహాలన్నీ నల్లగా, జుట్లు తెల్లగా, ఫోటో నెగెటివ్ చూసినట్టుంది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీకూ అలాగే కనబడుతోందా అమ్మా?"

"అలాగే కనబడుతోందండి."

"అయితే నా కళ్ళు పోలేదా?"

"లేదండి. పోయింది నా బుర్ర."

ఆవిడ ఒక్కసారిగా ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

ఆ కొత్త టీవీల్లో బొమ్మ ఎదురుగా కూర్చున్నవాళ్ళకే. కిందనుంచి చూస్తే చీకటి. డబ్బా టీవీలో ఏ మూల నుంచి చూసినా ఒకటే బొమ్మ. పల్చటిదాన్ని కిందికి దించుదామంటే ఆవిడ పక్కకి తిరగలేదు, వెల్లకిలా పడుకునే చూడాలి; ముందుకి వంచుదామంటే గోడకి బిగించిన స్టాండు వంగదు. కంపెనీ వాళ్ళిచ్చిన రంగుల కాగితాలన్నీ నేను చదివాను. ఈ ముక్క ఎక్కడా లేదు. కొత్త మోడల్ ఏది వచ్చినా మావగారు ముందు తనే చాప మీద కూర్చుని, ఒరిగి, పడుకుని చూసేవారు. ఆ పరీక్షకి నిలబడినదాన్నే ముందు వరసలో పెట్టేవారు. అది పాతదా కొత్తదా అన్నది ఆయనకి లెక్కే కాదు. అనుభవమైతే గానీ తత్వం బోధపడదని ఊరికే అనలేదు.

మర్నాడు పొద్దున్నే సామర్లకోట వెళ్ళాను. పండగ ముందు, ఒక్కటైనా మిగిలి ఉంటుందన్న ఆశ లేదు. షాపాయన నన్ను చూడగానే నవ్వి, లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. మా పెట్టెలు నాలుగు, గుడ్డ కప్పి ఉన్నాయి.

"వ్యాను వచ్చిన రోజే మీ మావగారు ఫోన్ చేశారమ్మా. మా అమ్మాయి వస్తుంది, నాలుగు అట్టేపెట్టండి అన్నారు."

"నాలుగెందుకండి?"

"నేనూ అదే అడిగానమ్మా. మా కోడలు బాగా అమ్ముతుంది, ఒకటి చాలదు అన్నారు."

నోరెత్తనన్న మాట నిలబెట్టుకుంటూనే, నేను పడబోయే చోట ముందే పరుపు వేసి ఉంచారాయన.

ఆ సాయంత్రం లంకలో ఎత్తు బల్ల మీద డబ్బా టీవీ పెట్టించి, ముందుకి కాస్త వంచి, సీరియల్ పెట్టాం. ముసలావిడ కాసేపు కళ్ళార్పకుండా చూసింది. తర్వాత టీవీలో ఏడుస్తున్న పిల్లతో అంది: "ఓసి నీ ఇల్లు బంగారం కానూ, ఇన్నాళ్ళూ ఏడుస్తున్నది నువ్వటే!"

మిగిలిన మూడు టీవీలూ కార్తీకం వెళ్ళేలోగా నేను పల్చటివి అమ్మిన ఇళ్ళలోనే అవసరపడ్డాయి.

దీపావళి మర్నాడు షాపు తెరవగానే తాళాలు మావగారి ముందు పెట్టి, చాప కోసం వెనక వసారాలోకి వెళ్ళాను. లేదు. వెనక గదిలో ఉంది. ఇన్నాళ్ళూ ఆయన కూర్చున్నది దాని మీదే. దులిపి తెచ్చి, సోఫా పక్కకి లాగి, దాని పాత చోట్లోనే పరిచాను. మావగారు చెప్పులు విప్పి దాని మీద కూర్చున్నారు. తాళాల గుత్తి నా వైపు జరిపారు.

"ఏదండీ, మాకో మంచి టీవీ చూపించండి" అన్నారు, కొనడానికొచ్చిన మనిషిలా.

టీవీ మీదికి వెళ్ళబోయిన నా చెయ్యి ఆగింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ముందు ఇది చెప్పండి. మీ ఇంట్లో టీవీ ఎవరు చూస్తారండి? ఎక్కణ్ణించి చూస్తారు?"