పదకొండో పెళ్లిరోజు, పేటలో నాన్న హార్మోనియం

మా పెళ్లి ముహూర్తం శనివారం రాత్రి రెండూ ఇరవై. పంచాంగం లెక్కన అది శనివారమే, గోడమీది క్యాలెండరు లెక్కన ఆదివారం. మా ఆయన కోటయ్య శనివారమే పెళ్లిరోజంటాడు, నేను ఆదివారమంటాను. ఈ తగువు తేలకుండానే ఏటా ఆ రోజు దాటిపోయేది. తేలినా చేసేదేమీ లేదనుకోండి, ఎనభైల్లో మాచర్లలో మా వీధిలో పెళ్లిరోజులు చేసుకునేవాళ్ళెవరు? పిల్లల పుట్టినరోజుకి ఇంత పాయసం కాస్తే అదే గొప్ప. అలాంటిది పదకొండో ఏట వారాలు కూడా అచ్చం పెళ్లినాటిలాగే కుదిరాయి. మాఘమాసం, శనివారం, తెల్లవారితే ఆదివారం. అది చూసి మా ఆయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. “రెండ్రోజులూ చేసుకుందాంలేవే, తగువే ఉండదు. ఏం కావాలో అడుగు” అన్నాడు.

నేను అడగాల్సింది అప్పటికే నా దగ్గర పోస్టుకార్డు రూపంలో ఉంది. మా నాన్నది నకరికల్లు పక్కన పల్లె. రెండెకరాల సేద్యం, దానితోపాటు పద్యనాటకాలకి హార్మోనియం. నలభై ఏళ్ళుగా ఒకే సమాజంతో తిరిగాడు. “వేళ్ళు చెప్పిన మాట వినటం లేదమ్మా. ఈసారి పేట పోటీల్లో ఆదివారం పొద్దున పదింటికి మా ఆట. నాకు ఇదే ఆఖరు” అని రాశాడు. పేట అంటే నరసరావుపేట, మా అందరికీ పట్నం అదే. ఆ కార్డు చదివి నాకు కన్నీళ్ళాగలేదు. ఎందుకంటే నా పెళ్లయిన నెలకే మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, “మీ నాయన ఏం చేస్తాడని ఎవురన్నా అడిగితే సేద్యమని చెప్పు. ఆ పెట్టె సంగతి ఎత్తమాక. నాటకాలోళ్ళ పిల్లని తెచ్చుకున్నామని నవ్వుతారు” అంది. పక్కనే అన్నం తింటున్న మా ఆయన తలెత్తలేదు. ఆ తల వంచుకోవటాన్ని నేను పదకొండేళ్ళు మర్చిపోలేదు.

అందుకే చెప్పాను. “చీరొద్దు, ముక్కుపుడకొద్దు. మా నాయన వాయిస్తుంటే ఒక్క ఆట, లేవకుండా కూర్చుని విను. అంతే.” ఆయన కాసేపు గడ్డం గోక్కుని, “దానికేం భాగ్యం, పోదాం పా” అన్నాడు. అత్తకి మాత్రం కోటప్పకొండ మొక్కని చెప్పి, పిల్లలిద్దర్నీ అప్పగించాం.

శనివారం పొద్దున్నే ఆరింటి బస్సు పట్టుకున్నాం. గురజాల, పిడుగురాళ్ళ, నకరికల్లు మీదుగా పేటకి అప్పట్లో మూడు గంటల పైనే పట్టేది, టిక్కెట్టు మనిషికి పది రూపాయల లోపే. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే పిడుగురాళ్ళ దాకా సున్నపు బట్టీల తెల్లదుమ్ము మొహాన కొడుతుంది, అక్కణ్ణించి కల్లాల్లో ఎండే మిరపకాయల ఘాటు. తుమ్మి తుమ్మి నా కొంగంతా తడిసింది. “మాచర్లోళ్ళకి రాళ్ళు తప్ప మిరపకాయ పడదేంది చెల్లే?” అని కండక్టరు ఎగతాళి. మా ఆయన దానికి పొంగిపోయాడు. ఎందుకంటే ఆయన నాపరాళ్ళ ఫ్యాక్టరీలో మేస్త్రీ. రాయి పేరెత్తితే చాలు మనిషి వెలిగిపోతాడు. ఎక్కడికి వెళ్ళినా నేల చూపే. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా నన్ను కాక మా వసారాలో పరిచిన బండల్ని చూశాడని మా చిన్నమ్మ ఇప్పటికీ ఆట పట్టిస్తుంది. నకరికల్లు దాటుతుండగా మా పల్లెకి తిరిగే దారి కనపడింది. నాన్న ముందురోజే పేట వెళ్ళి ఉంటాడు, మేం వస్తున్నట్టు ఆయనకి చెప్పలేదు. ఈయన ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటే నాన్న ఎదురుచూసి బాధపడతాడని నా భయం.

బస్టాండుకి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జిలో రోజుకి ఇరవై రూపాయల గది తీసుకున్నాం. గదిలోకి అడుగు పెట్టగానే మా ఆయన వంగి బండ మీద అరచెయ్యి వేసి, “ఇది మనూరి రాయే. పాలిషు సరిగా పట్టలా” అన్నాడు. పెళ్లిరోజు మొదటి మాట అదీ! మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం చేశాం. వడ్డించే పెద్దావిడ గోంగూరలో నెయ్యి వేస్తూ, “ఎక్కడినుంచమ్మా?” అని అడిగింది. మాచర్ల నుంచి, పెళ్లిరోజుకి అన్నాను సిగ్గుపడుతూ. ఆవిడ గరిటె ఆపేసి, “పెళ్లికి రావటం చూశా గానీ, పెళ్లిరోజుకి రావటం ఇదే చూడటం. చానా బాగుందమ్మా, ఇంకో గరిటె పోసుకో” అని నెయ్యి దండిగా పోసింది. కమ్మటి పప్పు, గోంగూర, మజ్జిగచారు. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

మూడింటికి కోటప్పకొండ బస్సెక్కాం. అరగంట ప్రయాణం. శివరాత్రి తిరునాళ్ళకి ఇంకా పది పన్నెండు రోజులుంది. దారిలో ఊళ్ళవాళ్ళు అప్పటికే తిరునాళ్ళలో ఊరేగించే ప్రభల కోసం పెద్ద పెద్ద కర్రలు దించుకుంటున్నారు. మేం మెట్ల దారినే ఎక్కాం. మా ఆయన మెట్టు మెట్టుకీ ఆగి, ఏ రాయి ఎప్పుడు వేసుంటారో చెప్పటం. “దేవుణ్ణి చూడటానికొచ్చావా, మెట్లు చూడటానికొచ్చావా?” అని కసిరాను. “దేవుడి దగ్గిరికి తీసకపోయేది ఇయ్యే గదే” అన్నాడు. మాటకి మాట ఇవ్వటంలో ఆయనకి ఆయనే సాటి. దర్శనమయ్యాక పైన గట్టు మీద కూర్చుని పేట వైపు చూస్తుంటే నాకు ఒక్కటే గుబులు. రేపు ఈయన నాటకంలో నిద్రపోతాడు, లేదా లేచిపోతాడు. నాన్న చివరిసారి వాయించేదీ వృథా, నేను అడిగిన ఒక్క కోరికా వృథా. ఆ మాటే పైకి అన్నాను. “అడిగావు, వచ్చా. ఇంకా నమ్మకం లేదా?” అన్నాడు. లేదు, నిజంగానే లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా టౌన్ హాలు చేరాం. రాత్రి ఆటలకయితే తొక్కిసలాటట, పొద్దునాటకి పట్టుమని యాభైమంది లేరు. రూపాయి టిక్కెట్టు, ఇనప కుర్చీలు. నాన్న అప్పటికే వేదిక ముందు కింద, జనానికి వీపు పెట్టి, హార్మోనియం సర్దుకుంటున్నాడు. మెడ దగ్గర తెల్లచొక్కా వదులైపోయింది, చిక్కిపోయాడు. పిలుద్దామని లేచి, ఆటకి ముందు మనసు చెదరగొట్టటమెందుకని మళ్ళీ కూర్చున్నాను. ఇటు తిరిగి చూద్దును కదా, పక్క కుర్చీ ఖాళీ. మా ఆయన లేడు. తలుపులోంచి చూస్తే బయట వరండాలో గొంతుక్కూర్చుని బండల సందుల్లో వేలు పెట్టి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళకి ఒక్కటి అడిగితే ఇదీ మర్యాద!

ఆయన బయట ఉండగానే నిర్వాహకుడు మైకులో, “ఇవి పోటీ నాటకాలు. ప్రతి ఆటకీ టైము లెక్క ఉంది. ప్రేక్షక మహాశయులు దయచేసి వన్స్ మోర్ అనవద్దని మనవి” అని చెప్పాడు. పద్యనాటకం తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడి తీరాలి. అది పాడేవాడికి దక్కే గౌరవం. పోటీలో మాత్రం అలా పాడితే టైము మించి మార్కులు పోతాయి. తెర లేచింది. మా ఆయన అప్పుడు లోపలికి వచ్చి, నా దగ్గరికి రాకుండా వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను తల తిప్పి చూడలేదు.

రాజు వేషం కట్టినాయన పెద్దవాడే. మొదటి రెండు పద్యాలు గంభీరంగానే పాడాడు. మూడోది ఎత్తుకుని, చివర రాగం తీస్తూ పైకి వెళ్ళాడు. వెళ్ళినవాడికి ఊపిరి అందలేదు. గొంతు ఆగిపోయింది. ఆ ఆగిన చోట నాన్న అందుకున్నాడు. మాట వినని ఆ వేళ్ళతోనే, రాజు ఎక్కడ వదిలాడో అక్కణ్ణించే, అదే రాగాన్ని మెల్లగా పైకి తీసుకెళ్ళి, కాసేపు అక్కడే నిలిపి, జాగ్రత్తగా కిందికి దించి నటుడి చేతిలో పెట్టాడు. ఆయన ఊపిరి తీసుకుని చివరి మాట పాడేశాడు. చప్పట్లు మోగాయి, రాజుకి. ఎవరికీ ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది.

చప్పట్లు ఆగాయో లేదో వెనక నుంచి పెద్ద కేక. “హార్మోనియానికి వన్స్ మోర్!”

హాలంతా ఫక్కున నవ్వింది. ఆ గొంతు ఎవరిదో నాకు వేరే చెప్పాలా? నిర్వాహకుడు మైకు లాక్కుని, “ఎవరయ్యా అది? పోటీల్లో వన్స్ మోర్లు లేవని చెప్పాం గదా!” అన్నాడు. “నేను బయటున్నా, ఇనలా” అన్నాడు మా ఆయన, ఏమాత్రం తగ్గకుండా. “అయినా పాడినాయనకి కాదయ్యా నేనంది, కింద వాయించేటాయనకి!” మళ్ళీ నవ్వులు. నాన్నవాళ్ళ మార్కులు పోతాయేమోనని నేను కుర్చీలోంచి సగం లేచాను. అప్పుడు నాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మొదట చూసింది అల్లుణ్ణి, తర్వాత నన్ను. మళ్ళీ అటు తిరిగి హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టాడు. మిగతా ఆటంతా ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. మా ఆయన మాత్రం కూర్చోలేదు, కదల్లేదు, రెప్ప వెయ్యలేదు.

ఆటయ్యాక వరండాలో నాన్నని కలిశాం. ఆయన ఎప్పుడూ అల్లుణ్ణి మీరు అనేవాడు, దూరంగా, భయంగా. ఆ రోజు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, “నలభై ఏళ్ళ నుంచి వాయిస్తన్నానయ్యా. ఆ వన్స్ మోర్ మాట పాడేవాళ్ళదే అనుకున్నా. నీకెట్టా తెలిసింది?” అన్నాడు. మా ఆయన నేల వైపే చూస్తూ చెప్పాడు. “అందరూ పైన పాడేటోణ్ణి చూస్తారు మామా. నా కళ్ళెప్పుడూ కిందనే గదా. కింద ఎవురు మోస్తన్నారో నాకు కనపడుద్ది.” నాన్న కళ్ళు నిండిపోయాయి. హార్మోనియం తెప్పించి ఆ వరండా బండల మీదే పెట్టించాడు. “లోపల కుదర్లా. వన్స్ మోర్ అడిగావుగా అల్లుడూ, కూర్చో” అన్నాడు. మా ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నాన్న అదే రాగం మళ్ళీ వాయించాడు. మధ్యలో రెండుసార్లు వేళ్ళు తడబడ్డాయి, నవ్వి మళ్ళీ అందుకున్నాడు. ఆ తర్వాత నాన్న జనం ముందు హార్మోనియం ముట్టలేదు. పోటీలో వాళ్ళకి బహుమతి రాలేదు. “మా రాజుకి ఊపిరి లేక పోయింది గానీ మా అల్లుడి వల్ల కాదు” అని బతికున్నంత కాలం చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం రెండున్నర బస్సుకి బయలుదేరి సాయంత్రం చీకటి పడకముందే మాచర్ల చేరాం. మా అత్త అరుగు మీద ఇరుగుపొరుగు అమ్మలక్కలతో కూర్చుని ఉంది. “కొండకి పోయొచ్చారా? దర్శనం బాగా అయిందా?” అని అడిగింది. మా ఆయన చెప్పులు విప్పుతున్నవాడల్లా నిలబడి, తలెత్తి, అందరూ వినేలా, “కొండకీ పోయాం. మా మామ హార్మోనియం వాయిస్తే ఇనొచ్చాం. పల్నాట్లో అట్టా వాయించేటోడు ఇంకొకడు లేడు” అన్నాడు. నేను లోపలికి వెళ్ళి గుమ్మం చాటున నిలబడి తనివితీరా ఏడ్చాను.

ఆ తర్వాత మేం చాలా పెళ్లిరోజులు చేసుకున్నాం. పిల్లలు కేకులు తెచ్చారు, హోటళ్ళకి తీసుకెళ్ళారు. శనివారమా ఆదివారమా అన్న తగువు ఇప్పటికీ తేలలేదు, ఇది రాస్తుంటే కూడా పక్కన కూర్చుని శనివారమని రాయమంటున్నాడు. రాయను. నా పెళ్లిరోజు ఆదివారమే, పొద్దున పదింటి ఆట దాటాక. ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, మాచర్ల నుంచి పేటకి రెండు రెండున్నర గంటల్లో చేరిపోవచ్చు. మీరూ ఇలా వెళ్ళదలిస్తే శనివారం సాయంత్రం కొండ, ఆదివారం నాటకం పెట్టుకోండి. టిక్కెట్టు తీసుకునేటప్పుడు మాత్రం హార్మోనియం ఏ పక్కన పెట్టారో అడిగి, ఆ పక్కనే ముందు వరసలో కూర్చోండి, వాయించే చేతులు కనపడతాయి.