తైపూసానికి ముందే ఎర్రబడ్డ వాలు

మలేసియాలో ఆకులు ఎర్రబడవని ఎవరన్నారో గానీ, వాళ్ళు రబ్బరు తోట చూసుండరు. జనవరి, ఫిబ్రవరుల్లో వచ్చే తైపూసం పండగ వెళ్ళాక తోటంతా రాగిరంగు తిరిగి, నెల తిరక్కుండా రాలిపోతుంది. ఆ రోజుల్లో చెట్టు గీయరు. ఎస్టేటులో ముప్పై ఏళ్ళు రబ్బరు చెట్లు గీసి పాలు తీసిన మా అమ్మ ఇంటిపట్టున ఉండేది అప్పుడే. అందుకే ఆ ఎరుపంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం.

మొన్న దీపావళి అయిన రెండు వారాలకి అన్న ఫోన్లో ఫొటో పంపాడు. ఇపో పట్నానికి గంటన్నర దూరంలో కొండ వాలు మీద అతని చిన్న తోట, దాని కిందే ఇల్లు. ఫొటోలో వాలు ఎర్రగా మండిపోతోంది. ఆఫీసులో నా పక్క సీటావిడ ఎర్రాకులు చూడ్డానికి జపాన్ వెళ్ళొచ్చి నెల రోజులుగా నా బుర్ర తింటోంది. మాకూ ఉన్నాయమ్మా అని ఆవిడకి చూపించాలని, ఆదివారం పొద్దున్నే అమ్మని కారెక్కించాను.

"ఏటే, ఇప్పుడెందుకు ఎర్రబడతాది? వానల రోజులు గదా" అంది అమ్మ దారిలో.

ఈ మధ్య కాలాలన్నీ తారుమారయ్యాయిలే అన్నాను. నాకసలే ఓపిక తక్కువ.

తీరా వెళ్ళి చూస్తే తోటంతా ఎర్రబడలేదు. మధ్యలో పైనుంచి కిందకి ఒక్క పట్టీ, సరిగ్గా అన్న వంటింటి వెనక దాకా. అటూ ఇటూ పచ్చగానే ఉంది. ఇదేదో తేడాగా ఉందనిపించిన మాట నిజం. అయినా ఫొటోలు తీసుకుంటూనే పోయాను. అమ్మ ఒక చెట్టు దగ్గర ఆగి, దానికి కట్టిన పాల గిన్నె వైపు చూసింది. ఎండిపోయిన పాత పాల చారలు తిన్నగా గిన్నెలోకి దిగి ఉన్నాయి. కొత్త చార గిన్నె తప్పి పక్కనుంచి నేల మీదకి కారింది. పక్క చెట్టూ అంతే.

"ఒరే, సెట్లు వొంగినాయి. కింద నేల కదుల్తంది, వేర్లు తెగినాయి. అందుకే ఈ ఎరుపు. ఇవాళే ఇల్లొదిలి దిగిపోండి" అంది అన్నతో.

అన్న నవ్వాడు. "ఏటీ లేదమ్మా. ఆకు రాల్తాది, మళ్ళీ వస్తాది. నేను సూడనిదా?"

వదిన ఆరేసిన బట్టలు తీస్తోంది.

అమ్మ గుమ్మంలో చతికిలబడింది. వాడు దిగేదాకా నేను లేవనంది. చినుకులు మొదలయ్యాయి. నాకేమో కొండ దారిలో కారు నడపాలి, మర్నాడు డ్యూటీ. చాదస్తం చాలించమ్మా అని కసిరి, చెయ్యి పట్టి లేపి కార్లో కూర్చోబెట్టాను. అన్న గొడుగు పట్టాడు. దారి పొడుగునా అమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేను రేడియో పెట్టుకున్నాను.

బుధవారం పొద్దున వాలు జారింది. వదిన మార్కెట్టుకి దిగింది గనక బతికింది. అన్నని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కర్మ అయిన సాయంత్రం నా పక్కన కూర్చుని ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ రోజు నేనక్కడే కూకుండిపోతే, ఆఖరికి నాకోసమైనా వాడు దిగేవోడు గదే?"

"దిగేవాడమ్మా" అన్నాను.