పులి వారి పెండ్లి పిలుపు

ఆ రోజుల్లో మనిషి కంటే ముందు ఇంటిపేరు నడిచేది. మా ఊళ్లో ఎవరింటికి వెళ్లినా "ఎవరోళ్ల పిల్లవే?" అని అడిగేవారు తప్ప నా పేరేమిటని అడిగినవాళ్లు తక్కువ. "పులోళ్ల పిల్లను" అంటే చాలు, పీట వేసి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఫోన్లలో పేరు పక్కన ఒక్క అక్షరమై ముడుచుకుని కూర్చున్న ఇంటిపేరు, అప్పట్లో మా ఇంట్లో ఒక పెద్దమనిషిలా బతికేది. దానికి మర్యాదలుండేవి, పట్టింపులుండేవి, అప్పుడప్పుడు అలకలు కూడా ఉండేవి. దాని మీద మా బాపుకు ఉన్నంత ప్రేమ మా పసుపు చేను మీద కూడా లేదని మా అవ్వ అంటుండేది. (నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలవడం మా వైపు అలవాటు.)

మాది మాక్లూర్ పక్కన చిన్న ఊరు. బాపు వ్యవసాయం చేసేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. బాపు చెప్పే కథ ప్రకారం, ఎన్నో తరాల కింద మా తాతల తాత ఒకాయన చెరుకు తోటలో దూరిన పులిని గొడ్డలితో ఒక్క దెబ్బకు పడగొట్టాడు. ఆనాటి నుంచి ఆయన పులి, ఆయన పిల్లలు పులోళ్లు. నా చిన్నప్పుడు ఆ పులి ఓ మోస్తరుగా, మేకను ఎత్తుకుపోయేంత ఉండేది. నేను ఇంటర్‌కు వచ్చేసరికి మా ఎడ్లబండి అంత పొడుగైంది. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక ఎవరో ఒకరు "ఏదీ, పులి ముచ్చట చెప్పు" అంటే చాలు, బాపు కండువా నడుముకు కట్టి లేచేవాడు. పులి గాండ్రింపు ఆయనే, గొడ్డలి దెబ్బ ఆయనే, భయపడి చెట్టెక్కిన ఊరి జనం కూడా ఆయనే. విన్న కథే అయినా పిల్లలం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

అక్కడితో ఆగితే బాగుండేది. "ఎక్కడున్నా పులోళ్లందరిది ఒకటే రక్తం" అనేది బాపు సిద్ధాంతం. నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు కొనడానికి వచ్చే ఒక మరాఠీ వ్యాపారి ఇంటిపేరు వాఘ్‌మారే అనీ, దాని అర్థం పులిని చంపినవాడనీ తెలిసిన రోజున బాపు ఆయనకు చాయ్ తాగించి, భుజం మీద చెయ్యి వేసి, మనం అన్నదమ్ములమని చెప్పి వచ్చాడు. (ఆ పెద్దమనిషి పసుపు ధర ఏమీ పెంచలేదు.) ఏ ఊళ్లో పులి ఇంటిపేరు మనిషి పోయాడని విన్నా బాపు మైల స్నానం చేసేవాడు. చలికాలంలో కూడా తప్పేది కాదు. ఒకే ఇంటిపేరు వాళ్లను మా వైపు పాలోళ్లు అంటారు. పాలోళ్ల పిల్లలు వావికి అన్నాచెల్లెళ్లు. మాలో గోత్రం పట్టింపు తక్కువ, ఇంటిపేరే లెక్క.

డిగ్రీ అయ్యాక నేను నిజామాబాద్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే ఒక దుకాణంలో పనికి కుదిరాను. కంప్యూటర్ మీద తెలుగు టైపు నేర్చుకున్న కొత్త. పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రం దాకా ఎవరెవరివో ఇంటిపేర్లు కొట్టేదాన్ని. గడ్డమోళ్లు, బొమ్మోళ్లు, ఉప్పోళ్లు, బద్దమోళ్లు. ఒక్కొక్క ఇంటిపేరు కొడుతున్నప్పుడు, వీళ్లలో ఏ తాత ఏం చేసి ఉంటాడా అనుకునేదాన్ని. మా తాత చేసినంత పని ఎవరూ చేసి ఉండరని నా నమ్మకం.

ఒకరోజు కోటగిరి నుంచి ఒకతను చెల్లెలి పెళ్లికి కార్డులు కొట్టించుకోవడానికి వచ్చాడు. బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. చేతుల మీద రాగి తీగ గీరిన గీతలున్నాయి. కార్డు మీద ఏం రావాలో చెబుతూ "పైన పులి వారి పెండ్లి పిలుపు అని పెట్టుండ్రి" అన్నాడు. మేము కూడా పులోళ్లమేనని చెప్పాను. అతను సంతోషించి, "అయితే మనం పాలోళ్లమే గద చెల్లె" అన్నాడు. నేను కూడా అంతే మర్యాదగా "అవునన్నా" అన్నాను. ఆ రెండు మాటలు తర్వాత మాకెంత అడ్డం వస్తాయో ఆ పూట ఇద్దరికీ తెలియదు.

కార్డుల్లో తప్పులున్నాయని అతను మళ్లీ వచ్చాడు. నేను వెతికితే తప్పు కనిపించలేదు. అతను వెతికినా కనిపించలేదు. చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడి బస్సు ఎంత ఆలస్యమైందో చెప్పి వెళ్లిపోయాడు. మరోసారి కవర్లు తక్కువ వచ్చాయని వచ్చాడు. చెల్లెలి పెళ్లయిపోయాక కూడా, స్నేహితుడెవరికో కార్డులు కావాలట, ధర కనుక్కోవడానికి వచ్చాడు. ఈ రాకపోకల్లో ఎప్పుడో అతని నోట్లోంచి 'చెల్లె' జారిపోయింది. నా నోట్లో 'అన్న' ఇంకొన్నాళ్లు ఉండి, అదీ పోయింది. దాని స్థానంలో ఏం పెట్టాలో తెలియక చాలాకాలం ఒకరినొకరం ఏమీ పిలుచుకోకుండానే మాట్లాడుకున్నాం. తెలుగులో అది ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది.

చివరికి అవ్వకు చెప్పాను. ఆమె చుడుతున్న బీడీని చేటలో పెట్టింది. కులమేమిటో అడిగింది, చెప్పాను. ఊరేదో అడిగింది, చెప్పాను. పిల్లవాడి సంపాదన, అలవాట్లు, తల్లిదండ్రుల సంగతి అడిగి, అన్నీ బాగున్నాయని కాస్త ముఖం విప్పి, ఆఖరుకు ఇంటిపేరు అడిగింది. నేను చెప్పలేదు. అప్పుడే ఆమెకు అర్థమైపోయింది.

బాపు కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది, నేనూ ఏడ్చి గొడవ చేసేదాన్ని. ఆయన తన చేతులు చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

"పులోళ్లంత ఒకటే రక్తమని ఊరూరు తిరిగి చెప్పింది నేనే గద బిడ్డా. ఇప్పుడు కాదని ఏ మొఖంతోని చెప్పాలె? చెల్లెను అన్నకిచ్చిండంటరు."

ఆ శీతాకాలమంతా మా ఇల్లు మాటలు తక్కువైన ఇల్లు. నేను దుకాణానికి పోయి ఇతరుల పెళ్లి కార్డులు కొట్టేదాన్ని, వచ్చి అన్నం తిని పడుకునేదాన్ని. అతను దుకాణానికి రావడం మానేశాడు, నేనే రావద్దన్నాను. బాపు పసుపు తవ్వించాడు, ఉడకబెట్టించాడు, ఎండబోశాడు. బంధువుల పెళ్లిలో ఎవరో పులి ముచ్చట చెప్పమంటే గొంతు బాగాలేదన్నాడు. కథ చెప్పడానికి లేవని బాపును నేను చూడటం అదే మొదటిసారి. ఇంటికి వస్తూ బస్సులో ఆయన కిటికీ వైపు, నేను ఇంకోవైపు చూస్తూ కూర్చున్నాం. అవ్వ మా ఇద్దరి మధ్య కూర్చుని ఎటు చూడాలో తెలియక ఒడిలోని పెళ్లి సంచిని చూసుకుంది.

పసుపు అమ్మకాలయ్యాక కోటగిరి నుంచి వాళ్లే వచ్చారు. అతని తండ్రి, వాళ్ల కులపెద్ద ఒకాయన, ఇంకో ఇద్దరు. కొడుకు అన్నం సరిగా తినడం లేదని, ఇటో అటో తేల్చుకుని పోదామని వచ్చామని ఆ తండ్రి దాపరికం లేకుండా చెప్పాడు. మా వాకిట్లో చాపలు పరిచారు, మా ఊరి పెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు. నేను లోపల తలుపు వెనక గోడకు ఆనుకుని, చున్నీలో ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

కులపెద్ద అన్నది న్యాయంగానే ఉంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మూలం ఒకటి కానక్కర్లేదు. ఎవరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పుకుంటే తేలిపోతుంది. ముందు అబ్బాయి తండ్రి చెప్పాడు. వాళ్ల తాతల తాత కూడా పులిని కొట్టాడట, అదీ గొడ్డలితోనే. చప్పగా, గబగబా చెప్పి ముగించాడు. (అంత భయంలో కూడా, మా బాపు ఇంతకంటే బాగా చంపేవాడని నాకు అనిపించింది.) వాకిట్లో అందరూ మా బాపు వైపు తిరిగి ఉంటారు. మా ఊరివాళ్లలో ఆయన కథ తెలియనివాడు లేడు. అదే పులి, అదే గొడ్డలి. ఆయన నోరు తెరిస్తే ఇక అయిపోయినట్టే.

"మరి మీ పులి సంగతేంది?" అన్నాడు కులపెద్ద.

బాపు మంచినీళ్లు అడిగాడు. అవ్వ చెంబు తెచ్చి ఇచ్చింది. తాగిన చప్పుడు నాకు వినిపించింది.

"మా తాతల తాత పులిని కొట్టలే పటేలా. పులిని సూసిండని గూడ చెప్పరాదు. పులి అనుకొని ఉరికిండు" అన్నాడు బాపు.

బాపు లేచి నిలబడినట్టున్నాడు, గొంతు పైనుంచి వచ్చింది. మా తాత చెరుకు తోటకు కావలి పోయాడట. పొద్దుగూకే వేళ చెరుకుల్లో గరగర వినిపించిందట, రెండు కండ్లు మెరిశాయట. ఆయన ఒక చెప్పు అక్కడే వదిలి, తలకు చుట్టిన రుమాలు ముళ్లకంచెకు వదిలి, "పులి, పులి" అని అరుస్తూ ఊరంతా ఉరికాడట. జనం కట్టెలు, డప్పులు పట్టుకుని వచ్చి తోటను చుట్టుముట్టారట. డప్పు కొట్టగా కొట్టగా లోపలి నుంచి చెరుకాకు నములుకుంటూ ఒక దూడ బయటికి వచ్చిందట. బాపు ఆ పరుగు చూపిస్తున్నాడని, ధోవతి ఎత్తి పట్టుకుని వాకిలంతా ఉరుకుతున్నాడని, జనం నవ్వులను బట్టి నాకు తెలుస్తూనే ఉంది.

"ఎవ్వరి దూడనో అయితే గింత ఇజ్జత్ పోకపోవు. మా తాతదే. పొద్దున తాడు తెంపుకొని పోయిన దూడ. ఆనాటి నుంచి ఊరోళ్లు ఏం పులీ, ఎటు పోతున్నవని పిలుసుడు పెట్టిండ్రు. గట్ల మేము పులోళ్లమైనం."

నవ్వీ నవ్వీ ఒకాయనకు దగ్గు వచ్చింది. మా ఊరి పెద్దొకాయన మాత్రం, ఇన్నేళ్లు పులిని కొట్టామని చెప్పుకున్నారు కదా అని నిలదీశాడు. బాపు తొణకలేదు.

"చెప్పుకునేది ఒకటుంటది, అయ్యింది ఒకటుంటది కాకా."

కులపెద్ద అక్కడికక్కడే తేల్చేశాడు. లేని గొప్ప చెప్పుకునేవాళ్లను చూశాను గాని, లేని నామోషీ నెత్తికెత్తుకునేవాడు లోకంలో ఉండడు, కాబట్టి ఇది నిజమే, ఈ పులి వేరు ఆ పులి వేరు అన్నాడు. అబ్బాయి తండ్రి సంతోషంగా బాపు చెయ్యి పట్టుకుని, "అయితే మాది అసలు పులి, మీది దూడ పులి" అన్నాడు. బాపు నవ్వి అవునన్నాడు. ఆ మాట మా మామ బతికినంత కాలం, ప్రతి పండుగకు, ప్రతి పెళ్లిలో అంటూనే ఉన్నాడు. బాపు ప్రతిసారీ నవ్వి అవుననే అన్నాడు.

మా పెళ్లి కార్డు నేనే టైపు చేశాను. రెండు వైపులా పులి వారే. మా దుకాణం సేటు తప్పు పడిందనుకుని ఒకదాన్ని కొట్టేయబోయాడు.

కొన్నేళ్లకు, బిడ్డను ఎత్తుకుని జక్రాన్‌పల్లిలో ఉన్న మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమె బాపు కంటే చాలా పెద్దది, వాళ్ల తాత చేతుల్లో పెరిగిన మనిషి. మాటల్లో దూడ సంగతి వచ్చింది. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి, ఏ దూడ అని అడిగింది. చెప్పాను.

"మా తాత, ఆయన తాత గూడ మేకలు కాసినోళ్లే బిడ్డా. వాళ్లకు చెరుకు తోట ఎక్కడిది, దూడ ఎక్కడిది? పులిని కొట్టిన ముచ్చట గూడ మా తాత నోట నేను ఇనలే. పులోళ్లమంటరు, అంటె పలుకుతం. ఎందుకంటరో ఎవ్వరికి ఎరుక."

తిరుగు బస్సులో ఆ మాటే నాతో కూర్చుంది. ఇంటికి కాకుండా నేరుగా మా ఊరికి, బాపు దగ్గరికి పోయాను. బాపు అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. అత్త ఇట్లా అన్నదని చెప్పాను. తల ఎత్తలేదు. "మా అక్కకు చిన్నప్పుడే పెండ్లయి పోయింది, ఆమెకేం ఎరుక" అన్నాడు. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఏరడం ఆపాడు.

"పులిని ఎవ్వలు సూసిండ్రు బిడ్డా, దూడను ఎవ్వలు సూసిండ్రు. నీ ఇంట్ల నువ్వు మంచిగున్నవా లేదా, గది చెప్పు."

మంచిగానే ఉన్నానన్నాను. బిడ్డను తన ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ కొమ్ములు ఏరడం మొదలుపెట్టాడు.

బాపు ఇప్పుడు లేడు. పులిని కొట్టిన కథ ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు, మనవలు అడిగినా ఎత్తలేదు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరేమిటని ఇప్పటికీ కొత్తవాళ్లు అడుగుతారు. మా ఆయన దూడ కథ చెబుతాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వుతూనే తలుపు వెనక కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. వాకిట్లో నవ్వులు వినిపిస్తుంటే, పెళ్లి కుదిరిందన్న సంతోషం ఒకపక్క, మా బాపు నలుగురిలో మా పరువంతా తీశాడన్న ఉక్రోషం ఒకపక్క, చున్నీలో ముఖం దాచుకుని చెవులు మూసుకున్న పిల్ల. ఎంత అమాయకురాలో. ఇప్పుడు ఆమె పక్కన కూర్చునే వీలుంటే, చెవుల మీది చేతులు మెల్లగా తీసి, ఒక్కసారి తలుపు సందులోంచి ఆయన ముఖం చూడవే అని చెబుదును.