ఏనుగు మీద మిగిలినవాడు

బస్సు టైరు పగిలింది. కాలు ఒకచోట నిలవని నాబోటి వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. నేను చదివిన పుస్తకాల్లో సగం ఇలా ఆగిపోయిన బళ్ళ పక్కన కూర్చుని చదివినవే. ప్రయాణికులందరూ దిగి నీడ వెతుక్కున్నారు. నా పక్క సీటాయన మాత్రం దిగలేదు. ఒళ్ళో పెద్ద అట్టపెట్టె ఉంది. నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకెంతసేపని డ్రైవర్ని అడిగాడు. జాకీ తిప్పుతున్న డ్రైవరు తలెత్తకుండానే, అంత తొందరగా ఉంటే మీరూ వచ్చి ఒక చెయ్యి వెయ్యండి అన్నాడు. ఆయన తల లోపలికి తీసుకుని నాకేసి చూశాడు.

"మా అత్తగారి దగ్గర ఒక్కడే మిగిలాడండీ."

ఇలాంటి మాట చెవిన పడితే ఎవరైనా ముఖం కాస్త దించుకుంటారు. నేనూ దించుకుని, కొడుకా అని అడిగాను.

"కాదండీ. ఏనుగు మీద కూర్చునేవాడు."

నాకు అర్థం కాలేదని ఆయనకి అర్థమైంది. పెట్టె మూత ఓరగా తీశాడు. లోపల వేలెడంత మనుషులు, కుప్పలు తెప్పలుగా. ఈటెలు పట్టుకున్నవాళ్ళు, గుర్రాలెక్కినవాళ్ళు, బూరలూదేవాళ్ళు. ఒక్కడి మీదా రంగు లేదు. అందరూ బూడిదలో పొర్లి లేచినట్టున్నారు. ఇవి సరదాకి కొనుక్కుని, సన్నటి కుంచెతో రంగులు వేసుకునే బొమ్మలనీ, పిల్లల ఆటసామాను మాత్రం కాదనీ చెప్పాడు. రెండో మాట ఎక్కువ నొక్కి చెప్పాడు. తరవాత ఒక ఈటెవాణ్ణి తీసి నా అరచేతిలో పెట్టాడు.

దేశాలు పట్టుకు తిరిగినవాణ్ణి గనక సేకరణ పిచ్చివాళ్ళని చాలామందినే చూశాను. తాళాలు లేని తాళంచెవులు పోగుచేసిన మంగలిని ఎరుగుదును. తడిస్తే పాడవుతాయని గొడుగుల్ని వానలో విప్పని ఒక గొడుగుల ప్రేమికుడి ఇంట్లో రెండు పూటలు భోంచేశాను. బయల్దేరేటప్పుడు వాన పడుతుంటే నేను తడుస్తూ వెళ్ళాను. ఇటువంటి వాళ్ళ గురించి పుస్తకాల్లోనూ బోలెడంత ఉంది, చాలావరకు అబద్ధం. వాళ్ళందరిదీ మోజు. ఈయనది మోజు కాదు. ఈ బొమ్మల్ని ఈయన కొన్నది ప్రాణభయంతో.

టైరు మార్చేలోపు ఆయన చెప్పిందంతా వరసలో పెడితే ఇదీ కథ.

ఆయన పని కట్టుడు పళ్ళు చెయ్యడం. ఒక పళ్ళ డాక్టరు గది వెనక, కిటికీ లేని ఇంకో గదిలో, ప్లాస్టరు పొడి మధ్య కూర్చుని, ఎవరి నోరో తెలియని నోటికి గులాబీరంగు చిగుళ్ళు పోతపోసి, వాటిలో ఒక్కొక్క పన్ను గుచ్చుతాడు. పక్కన మిగిలిన సొంత పళ్ళతో కలిసిపోయేలా రంగు కుదర్చడమే అందులో కష్టం. తెలుపంటే ఒక తెలుపు కాదట. కాఫీ తాగేవాడి తెలుపు వేరు, చుట్ట కాల్చేవాడి తెలుపు వేరు. అబద్ధాలు చెప్పేవాడి పళ్ళకి వేరే రంగుంటుందా అని అడిగాను. అలాంటి ఆర్డరు ఇంతవరకు రాలేదన్నాడు, నిదానంగా.

ఈ పని నేర్పిన గురువుగారే బొమ్మల పిచ్చి కూడా అంటించారు. ఆ పెద్దాయన ఆదివారాలు సైనికులకి రంగులు వేసేవారు. ఏళ్ళ తరబడి వేశారు. ఒకరోజు ఆఖరి బొమ్మని అరలో నిలబెట్టి, కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, ఇంక నాకేం లేవురా అన్నారట. ఆ వారంలోనే కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. డాక్టరు గుండె అన్నాడు. శిష్యుడు మాత్రం ఆ గుండెని పట్టించుకోలేదు. ఆయన చూసింది రంగు వెయ్యాల్సిన బొమ్మ ఒక్కటీ లేని ఆ అరని. పని మిగిలున్నవాణ్ణి తీసుకుపోరని ఆరోజే ఆయన మనసులో ముద్రపడిపోయింది. అప్పట్నించీ తనకి ఎప్పుడూ మిగిలి ఉండేలా చూసుకుంటున్నాడు.

మిగిలాయి. మంచం కింద మిగిలాయి, బీరువా మీద మిగిలాయి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలోనూ ఒక అశ్వదళం మిగిలింది. ఇంట్లో ఒక గది గదంతా వాటికే అయిపోయింది. ఆయన భార్య తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. ఏ వస్తువు ఎక్కడికి చేరాలో అక్కడికి చేరకపోతే ఆవిడకి అన్నం సహించదు. చాలాకాలం ఓపిక పట్టింది. తల్లిని తెచ్చుకుని ఆ గదిలో పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక చట్టం చేసింది. రంగు పడినవాడు ఇంట్లో ఉంటాడు, పడనివాడు వీధిలోకి పోతాడు. అమ్మ వచ్చేదాకా గడువు.

ఆయన కూర్చున్నాడు. సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. కానీ చేతికి అలవాటైన పని ఒకటుంటుంది కదా. బొమ్మని పట్టుకోగానే ముందు పళ్ళ మీదికి పోయింది కుంచె. ఆవగింజ పట్టని నోట్లో పళ్ళు. కుర్ర సైనికుడికి పాలతెలుపు, సేనాధిపతికి కొంచెం పసుపు, బూరలూదేవాడికి ముందు పన్ను అరిగినట్టు ఒక నీడ. ఒంటికీ బట్టలకీ తరవాత చూద్దామనుకుంటూ పక్కవాడి నోరు అందుకున్నాడు. గడువు నాటికి గదినిండా బూడిదరంగు మనుషులు, అందరూ తళతళలాడే పళ్ళతో ఇకిలిస్తూ నిలబడ్డారు.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఇది రంగు వెయ్యడమా అండీ? మీరు వీళ్ళందరికీ పళ్ళు తోమించారు."

అదే పూట అత్తగారు దిగారు. ఆవిడకీ అల్లుడికీ మధ్య అప్పటికే ఒక పేచీ ఉంది, అదీ పళ్ళ గురించే. ఆయన ఎంతో శ్రద్ధగా చేసిచ్చిన సెట్టు ఆవిడ నోట్లో కుదరలేదు. మాట్లాడితే టకటకమంటోందని ఆవిడా, పెట్టుకుంటే కదా కుదిరేదని ఈయనా. ఆవిడ గదిలోకి వచ్చి, ఒక బొమ్మని వెలుగుకి ఎత్తి పట్టుకుని, బోసినోటితో అన్నదట, "వీళ్ళకి మాత్రం భలే కుదిరాయి బాబూ. వీళ్ళు మీకు ఏమవుతారు?"

బొమ్మల్ని వీధిలో పారెయ్యనివ్వనిది ఆవిడే. ఆవిడ వయసులో ఉన్నప్పుడు పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో పనిచేసింది. బెల్టు మీద కప్పు వస్తుంది, అంచుకి ఒక నీలంగీత, పొట్టమీద ఒక చిన్న పువ్వు, కప్పు వెళ్ళిపోతుంది, ఇంకో కప్పు వస్తుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే గీత, అదే పువ్వు. మర్నాడు అల్లుడు పనినించి వచ్చేసరికి ఒక పటాలం పటాలమంతా పూర్తయి కిటికీలో ఆరుతోంది. ప్రతివాడి నడుముకీ నీలంగీత. ప్రతి డాలు మీదా పువ్వు. ఏ కాలపు సైన్యమైనా, ఏ రాజు కొలువులోదైనా ఆవిడ చేతిలో పడితే టీకప్పుల సెట్టే. యుద్ధానికి కాదు, విందుకి బయల్దేరినట్టున్నారట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ, దానికింద దాచలేని మెచ్చుకోలు.

భార్య సంబరపడింది. రంగు పడినవాళ్ళు హాల్లో అరల్లోకి చేరుతున్నారు, గది ఖాళీ అవుతోంది. ఈయనకి గుండెల్లో రాయి పడింది, అదీ అందుకే. రోజూ ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఇంకా ఎందరున్నారో చూసుకునేవాడు. చివరికి చొక్కాలోపల దాచి కొత్తవాళ్ళని తెచ్చి, అత్తగారు కునుకు తీసే వేళ చూసి కుప్పలో కలపడం మొదలుపెట్టాడు. ఆవిడ ఊరుకుంటుందా?

"నిన్నటికంటే ఇవాళ ఎక్కువమంది ఉన్నారేం బాబూ? వీళ్ళలో ఆడాళ్ళు కూడా లేరే, ఎలా పెరుగుతున్నారు?"

అప్పుడు చెప్పేశాడు. గురువుగారి సంగతి, కడిగిన కుంచె సంగతి, ఖాళీ అర సంగతి. భార్యకి కూడా ఎన్నడూ చెప్పనిది అత్తగారికి చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. చేతిలో ఉన్న గుర్రపువాణ్ణి బల్లమీద పెట్టి అడిగింది.

"అయితే ఇవి అయిపోతే నేనూ పోతానా?"

"అబ్బే, అదేం లేదత్తయ్యా అనాలి కదండీ," అన్నాడు నాతో. "నమ్మినవాణ్ణి, ఎలా అంటాను? అంతవరకు నా సంగతే చూసుకున్నాను. ఆపూటనించి ఆవిడ లెక్కలోకొచ్చేసింది."

నెమ్మదిగా వెయ్యమని బతిమాలాడు. ఆవిడా ప్రయత్నించింది. కానీ ఆ చేతికి వచ్చినది ఒక్కటే వేగం, బెల్టు వేగం. ఎదురుగా వస్తువు పెట్టుకుని చెయ్యి ముడుచుకోవడం తనవల్ల కాదంది. సగం వేసి వదిలేస్తే వెనక కప్పులు వచ్చి గుద్దుకుంటున్నట్టుంటుందట. ఇటు ఆవిడ ఆగదు, అటు కొత్త సరుకు రాకపోతే ఎలా? ఈలోపు భార్యకి అనుమానం తగిలింది. గుమ్మంలో సంచీ తడమడం మొదలుపెట్టింది. అంతటితో ఆగకుండా, తాగుబోతు భార్య సారాకొట్టుకి వెళ్ళి చెప్పినట్టు, బొమ్మల కొట్టాయన దగ్గరికి వెళ్ళి మా ఆయనకి అమ్మొద్దని చెప్పి వచ్చింది. కొట్టాయన మర్యాదస్తుడు, మాట నిలబెట్టుకున్నాడు.

అలా తగ్గి తగ్గి ఇవాళ పొద్దుటికి ఒక్కడు మిగిలాడు. ఏనుగు మీద కూర్చునే రాజు. ఏనుగు కూడా నిన్ననే అయిపోయింది. నాలుగు కాళ్ళకీ నీలంగీతలు, చెవులకి పువ్వులు. ఈయన పనికి ఎగనామం పెట్టి, పక్క ఊళ్ళో ఎవరో ఇల్లు మారుతూ బొమ్మలు వదిలించుకుంటున్నారని విని పరిగెత్తాడు. పెట్టె దొరికింది. ఇంటిదారి పట్టాడు. దారిలో టైరు పగిలింది.

ఇంతలో టైరు బిగించడం అయింది. జనం ఎక్కారు, బస్సు కదిలింది. ఆయన జేబులో ఫోను మోగింది. చేతులు రెండూ పెట్టె మీదున్నాయి గనక ఫోను తీసి సీటుమీద పెట్టి, వినబడేలా స్పీకరు నొక్కమన్నాడు నన్ను. నొక్కాను.

"ఎక్కడిదాకా వచ్చారు బాబూ?" అవతల పెద్దావిడ గొంతు. టకటకమంటోంది. సెట్టు పెట్టుకున్నట్టుంది.

"వచ్చేస్తున్నానత్తయ్యా. రాజుగారిని ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకోకుండా ఉందామనే గదిలోంచి బయటికొచ్చాను. వంటింట్లో కప్పులన్నిటికీ గీత పెట్టేశాను. టీవీ రిమోట్‌కి పెట్టాను. గోడగడియారం చుట్టూ పెట్టాను. ఇంట్లో ఇంకేం కనబడట్లేదు."

బస్సులో ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. ఈయన పట్టించుకోలేదు.

"తలుపులున్నాయి కదా అత్తయ్యా. పెద్దవి."

"అయ్యాయి."

"రాజుగారి పళ్ళు నేనింకోసారి చూడాలి. అప్పటిదాకా ఆయన జోలికి వెళ్ళొద్దు. పసుపెక్కాయేమోనని నా అనుమానం."

"ఆయన వయసుకి ఆ మాత్రం ఎక్కవూ? పళ్ళకేం, బాగున్నాయి. చెయ్యి ఊరుకోవట్లేదు బాబూ. కుంచె ఆరిపోతోంది."

వెనకనించి ఇంకో గొంతు దూసుకొచ్చింది, ఆయన భార్యది. ఫోను లాక్కున్నట్టుంది.

"ఏమండీ, ఎక్కడ తిరుగుతున్నారు? అమ్మ నా ఆఫీసు బూట్లమీద పువ్వులేసింది. ఫ్రిజ్ తలుపు ఇప్పుడే కడిగాను. ఇప్పుడేమో కుర్చీ వేసుకుని నా ముఖంకేసి చూస్తోంది. మీరు తెచ్చేదేమిటో నాకు తెలుసు. సంచీ చూడను. ఏం చూడను. తొందరగా తీసుకురండి."

ఫోను ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని పెట్టెమీద గడ్డం ఆనించాడు. భార్య చేసిన ఆ చట్టం కళ్ళుగప్పడానికి ఆయన ఇన్నాళ్ళూ ఎన్ని తంటాలు పడ్డాడో, అది ఒక జత బూట్లతో కొట్టుకుపోయింది. సంతోషించే తీరిక మాత్రం లేదు. ఊరు మొదలైంది. ఇళ్ళు దగ్గరపడ్డాయి. రైలుగేటు దగ్గర గేటు పడి ఉంది. బస్సు ఆగింది, ముందు లారీలు, వెనక లారీలు. మీ అత్తగారి వయసెంతని నేనడిగితే జవాబు చెప్పకుండా, మీ వయసెంతని ఆయన నన్నడిగాడు. చెప్పాను. నన్ను తలనించి కాళ్ళదాకా చూసి, మీకేమైనా పని మిగిలుందా అన్నాడు. చదవాల్సిన పుస్తకాలున్నాయన్నాను. ఎన్ని అన్నాడు. చాలా అన్నాను. మంచిదన్నాడు, రోగిని చూసి వెళ్ళే డాక్టర్లా తలూపుతూ.

గేటు లేచే సూచన లేదు. ఆయన లేచాడు. తలుపు తియ్యమని కండక్టర్ని అడిగాడు. ఇది స్టాపు కాదన్నాడు కండక్టరు. ఆయన వాదించలేదు. పెట్టె మూత తీసి చూపించి, మా అత్తగారు అన్నాడు, అంతే. ఫోను సంగతంతా విన్న కండక్టరు ఇంకో మాట మాట్లాడకుండా తలుపు తీశాడు.

నాకొక మాట చెప్పి దిగుతాడనుకుని సర్దుకుని కూర్చున్నాను. వెనక్కి కూడా చూడలేదు. గేటు కిందనించి వంగి అవతలికి పోయాడు. ఆయన పరిగెత్తలేదు. పరిగెత్తితే లోపల ఈటెలు విరుగుతాయి. అంచుదాకా నీళ్ళున్న బిందె మోస్తున్నట్టు, మోకాళ్ళు కొంచెం వంచి, పెట్టె కదలకుండా, కాళ్ళు మాత్రం గబగబా వేస్తూ పోతున్నాడు. అప్పుడు చూసుకున్నాను, ఈటెవాడు నా అరచేతిలోనే ఉండిపోయాడు. కేకేద్దామని కిటికీ అద్దం జరిపాను. చేతిలోవాడికేసి చూశాను. బూడిదరంగు ఒళ్ళు, రంగు తగలని నోరు. అద్దం మళ్ళీ మూసి, వాణ్ణి చొక్కా జేబులో నిలబెట్టుకున్నాను. అప్పటికాయన పట్టాలు దాటి, పెట్టెని ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకుని, మలుపు తిరిగిపోయాడు.