రెండో నంబరు తాడు

1979 ఆగస్టులో నన్ను హిమాలయాల్లో ఇరవై ఎనిమిది రోజుల ప్రాథమిక పర్వతారోహణ శిక్షణకు డెప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నంద్యాలలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయురాలిగా అయిదేళ్లు పూర్తయ్యాయి. ఆ ఉత్తర్వు వెనక నా ప్రతిభ ఏమీ లేదు. జిల్లా నుంచి ఒక మహిళ ఉండి తీరాలన్నారు, దరఖాస్తు పెట్టింది నేనొక్కదాన్నే.

అయితే నేను సిద్ధపడి ఉన్నమాట నిజం. మా నాయన మిషన్ బడిలో పంతులు. ఇంట్లో బైబిలు, పాటల పుస్తకం తప్ప వేరే పుస్తకాలు ఉండేవి కావు. నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. సాయంత్రం బడి వదిలాక అక్కడి పొడవాటి బల్ల చివర కూర్చునేదాన్ని. ఆడవాళ్లు రావడం అరుదు గనక ఆ చివర నాకే వదిలేసేవారు. ఎవరో విరాళమిచ్చిన ఇంగ్లీషు పుస్తకాల్లో కొండలెక్కడం నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని మూడుసార్లు చదివాను. బట్టలారేసే తాడుతో బల్ల కాలికి ముడులు వేసి చూసుకునేదాన్ని. "టీచరమ్మా, బల్ల యాడికీ పోదులేమ్మా, ఇంగ ఇప్పేయ్" అనేవాడు లైబ్రేరియన్. ఆ పుస్తకం అంత శ్రద్ధగా చదివిన మనిషి జిల్లాలో మరొకరు లేరని నాకు గర్వంగా ఉండేది.

ఆ గర్వం శిక్షణ మొదటి రోజే దిగిపోయింది. నడుముకు బౌలైన్ వేసుకోమన్నారు. అది బరువు పడినా జారని, బిగుసుకుపోని ఉచ్చు. నేను బల్ల కాలికి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నదాన్ని. నా నడుముకు నేనే వేసుకోబోతే కుడి ఎడమలు తారుమారయ్యాయి. పక్కనున్న అమ్మాయి నడుముకైతే ఇట్టే వేసేశాను. మా ఇన్‌స్ట్రక్టరు యాభై దాటిన గఢ్వాలీ మనిషి. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని, ఉన్ని చేతితొడుగులతో, నూరుసార్లు వేయమన్నాడు. వేశాను.

అక్కడి చదువు మొదట బండ మీద, తర్వాత మంచు మీద, చివర హిమానీనదం మీద సాగుతుంది. మూడింటికీ పునాది బిలే. ఎక్కే మనిషి నడుముకు కట్టిన తాడును పైనున్న మనిషి తన నడుము చుట్టూ తిప్పి పట్టుకోవడాన్ని బిలే అంటారు. పైమనిషి ముందుగా తనను తాను బండకు కట్టుకుని ఉండాలి. ఎడమ చేత్తో వదులును లాక్కుంటూ ఉండాలి, కుడి చెయ్యి తాడును ఏ క్షణంలోనూ విడవకూడదు. పడిన ఎత్తు ఎంతన్నది సగం లెక్కే. ఆ పడడాన్ని మింగడానికి మధ్యలో ఎంత తాడుందన్నది మిగతా సగం. తాడు పొట్టిదయ్యేకొద్దీ దాని మీద పడే దెబ్బ పెరుగుతుంది.

మూడో వారంలో మా తాడు ఒకదాని మీద రాయి పడింది. ఆ తాళ్లలో లోపల దారాల పేట ఉంటుంది, దాని మీద అల్లిన తొడుగు ఉంటుంది. తొడుగు నిగనిగలాడుతున్నా లోపలి పేట దెబ్బతిని ఉండొచ్చు. ఇన్‌స్ట్రక్టరు ఆ చోట వేళ్లతో తడిమి, మంచుగొడ్డలి తీసి అక్కడికక్కడే తాడును రెండు ముక్కలు చేశాడు. ఎవరినీ అడగలేదు. సాయంత్రం ఆ తాడు వాడుక రాసే కార్డు మీద ఒక గీత గీశాడు, అంతే.

నాకు ఎ గ్రేడు వచ్చింది. ఎ గ్రేడు ఉంటేనే ఉన్నతస్థాయి శిక్షణకు అర్హత. అది పూర్తయితే బోధనా పద్ధతుల కోర్సు, దాని తర్వాతే ఇన్‌స్ట్రక్టరు అనే హోదా. నాకు కావలసింది ఆ హోదా.

1981 డిసెంబరులో, ఆళ్లగడ్డ దాటాక నల్లమల మొదలయ్యే చోట, మా క్రీడల ఆఫీసు తరఫున బండలెక్కే శిక్షణ జరిగింది. అబ్బాయిల జట్టుకు పది రోజులు, తర్వాత అమ్మాయిల జట్టుకు పది రోజులు. అమ్మాయిలు పద్దెనిమిది మంది, అందరూ నంద్యాలలో ఇంటర్ చదివేవాళ్లు. వాళ్ల ఇళ్లకు నేనే తిరిగాను. వెలుగోడు, గోస్పాడు, బనగానపల్లె బస్సుల్లో రెండు నెలల ఆదివారాలు గడిచిపోయాయి, చర్చికి కూడా పోలేదు. లక్ష్మీదేవి అనే పిల్ల నాయన గోస్పాడులో రైతు. ఆయన చాలాసేపు నన్ను చూసి, "కొండెక్కి ఏం జేస్తాదమ్మా, ఆడేమన్నా పంట ఉండాదా?" అని అడిగాడు. మూడోసారి పోయినప్పుడు ఒప్పుకున్నాడు. ఉన్నతస్థాయి శిక్షణకు నన్ను సిఫారసు చేసే కాగితం అప్పటికే టైపయి, ఆఫీసరు గారి సంతకం కోసం ఫైల్లో ఉంది. నాకు ముప్పై మూడేళ్లు. వయసు దాటిపోకముందే పోవాలన్న ఆరాటం ఉండేది.

స్టోరు నుంచి మాకు రెండే తాళ్లు ఇచ్చారు. వాటి కొసలకు గుడ్డపట్టీ చుట్టి ఒకటి, రెండు అని సిరాతో రాశాను. ఒక నోటుపుస్తకంలో రెంటికీ చెరో భాగం కేటాయించి, ఏ రోజు ఎంతమంది ఎక్కారో, ఎక్కడ రాసుకుందో రాసేదాన్ని.

ఆరో రోజు ఉదయం ఆఫీసరు గారు జీపులో వచ్చారు, ఆళ్లగడ్డ నుంచి ఒక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని. నేను నలభై అడుగుల బండ మీద, ఇనుప మేకుకు కట్టుకుని కూర్చుని రెండో నంబరు తాడుతో బిలే చేస్తున్నాను. లక్ష్మీదేవి ఎక్కుతోంది, దాదాపు పైకి వచ్చేసింది. "టీచరమ్మా, ఇట్ల చూడు, చెయ్యెత్తు" అని కింద నుంచి ఆఫీసరు గారు కేకేశారు. నేను చూశాను. ఎడమ చెయ్యి ఎత్తాను. కుడి చెయ్యి విడవలేదు, ఆ పిల్ల బతకడానికి కారణం అదొక్కటే. కానీ వదులును లాగే చెయ్యి ఆగిపోయింది, ఆ పిల్ల ఆగలేదు. ఏడడుగుల తాడు వదులుగా వేలాడింది.

ఆమె కాలి కింద రాయి ఊడింది. తాడు రాసుకోకుండా బండ అంచున పరిచిన గోనెపట్ట అంతకుముందే పక్కకు జరిగింది. తాడు ఉత్త అంచు మీద రాచుకుంటూ ఒక్క దెబ్బతో బిగిసింది. నా అరచేతి తోలు లేచిపోయింది. ఆ పిల్ల మోచెయ్యి గీరుకుపోయి గాలిలో వేలాడింది. మా ఇద్దరి మధ్య తాడు పట్టుమని పన్నెండడుగులు లేదు. అంటే దెబ్బ దాదాపు పూర్తిగా తాడు మీదే పడింది.

కింద చప్పట్లు కొట్టారు. అదొక విన్యాసం అనుకున్నారు. "ఇంగొకసారి చేపిస్తే ఫోటో బాగొస్తాది సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

పైకి లాగాక ఆ పిల్ల, "మా నాయనకు చెప్పొద్దు టీచర్. చెప్తే ఇంగ నంద్యాలకే పంపడు" అంది. నేను తాడును అంగుళం అంగుళం తడిమి చూశాను. జానెడు మేర తొడుగు నూగులేచి ఉంది. లోపల ఒకచోట మెత్తగా అనిపించింది. అనిపించిందని మాత్రమే రాస్తున్నాను, ఖాయంగా చెప్పలేను. రెండో తాడును చుట్టి పక్కన పెట్టి, మిగిలిన రోజులు ఒకటో తాడుతోనే నడిపించాను.

ఆ సాయంత్రం ఆఫీసరు గారు దిగిన ఆళ్లగడ్డ ట్రావెలర్స్ బంగళాకు పోయి, ఆ తాడును వాడుక నుంచి తీసేయాలని చెప్పాను. స్టోర్ కీపర్ ఖాదర్ బాషా అక్కడే ఉన్నాడు. సర్కారు సామాను కండెమ్ చేయాలంటే దాని ఆయుష్షు తీరి ఉండాలి, లేదా పాడైనట్టు ముగ్గురు సభ్యుల కమిటీ కంటికి కనిపించాలి. తాడుకు అయిదేళ్ల ఆయుష్షు రాసి ఉంది.

"ఇది వచ్చి ఎనిమిది నెల్లు గూడ కాలేదు టీచరమ్మా. తెగిందా? తెగలా. తెగందాన్ని పాడైందని యెట్ల రాసేది?" అన్నాడు ఖాదర్ బాషా.

"తెగినాక రాస్తే తాడుకున్న పిల్ల ఉండదు గదన్నా."

"అట్లని ఏ రిజిస్టర్లో ఉండాది?"

పుస్తకాల్లో ఉందన్నాను. ఆఫీసరు గారు నవ్వి, "పుస్తకాలు రాసేటోళ్లకు స్టోరు ఉండదమ్మా" అన్నారు. తర్వాత కుర్చీ చూపించి నిదానంగా చెప్పారు. "తాడు దెబ్బతినిందంటే, ఎట్ల తినిందని అడుగుతారు. నువ్వు వదులిచ్చినావని రాయాల. రాస్తే నీ ఎ గ్రేడు ఏమైతాది? ఆడపిల్ల పడిందని కాగితం మీద ఎక్కితే వచ్చే ఏడు ఈ జట్టే ఉండదు. నీ కాగితం నా దగ్గరే ఉంది, సోమవారం సంతకం పెడతాండా. ఏం రాస్తావో ఆలోచించుకో."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పినవన్నీ తర్వాత అట్లే జరిగాయి. కింద నుంచి నన్ను పిలిచింది ఎవరన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా కిట్ పెట్టెలో కత్తి ఉంది. ఆ సాయంత్రం తాడు నా దగ్గరే ఉంది. రెండు ముక్కలు చేసేయడం పది నిమిషాల పని. నేను కాగితం రాశాను. అచ్చులో ఉన్నది చదువుకుని హిమాలయాల దాకా పోయినదాన్ని కాబట్టి, సరిగ్గా రాస్తే సరిగ్గా చదివేవాళ్లు ఉంటారని నమ్మాను. ఎంత వదులు, ఎంత తాడు, అంచు ఎట్లాంటిది, గోనెపట్ట ఎక్కడికి జరిగింది, అన్నీ రెండు పేజీల్లో రాసి, తప్పు నాదేనని సంతకం పెట్టాను. నా దృష్టి మళ్లిందని రాశానే గాని, ఎందుకు మళ్లిందో రాయలేదు. అది మర్యాద అనుకున్నాను. ఇప్పుడు దాన్ని ఆ పేరుతో పిలవను. శిబిరం ముగిశాక కాగితాన్నీ తాడునూ కలిపి స్టోరులో అప్పగించాను.

నెలన్నరకు మెమో వచ్చింది. విధి నిర్వహణలో దృష్టి ఎందుకు మళ్లిందో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషే దాని కింద సంతకం పెట్టాడు. ఇప్పుడు చెబితే తప్పు తోసేయడానికి కల్పించానంటారని అప్పుడూ రాయలేదు. సర్వీసు రిజిస్టర్లో హెచ్చరిక ఎక్కింది. సిఫారసు కాగితం ఫైల్లోంచి తీసేశారు. తాడును కమిటీ పరీక్షించింది. జీపుకు కట్టి లాగి చూశారట. జీపు కదిలింది గనక తాడు ఉపయోగయోగ్యమని తేల్చారు. లోపలి పేట అప్పటికి దెబ్బతినకపోయినా, ఆ పరీక్షతో కొంత దెబ్బతినే ఉంటుంది. మరుసటి ఏడు అబ్బాయిల జట్టు నడిచింది. అమ్మాయిల జట్టు అనివార్య కారణాల వల్ల లేదన్నారు, ఆ తర్వాత ఎప్పుడూ లేదు.

శిబిరం ముగిసిన వారమే లక్ష్మీదేవి నాయనకు నేనే పోయి చెప్పాను. ఆయన నా చేతి కట్టు వైపు చూస్తూ విన్నాడు. "అంతమందిలో నువ్వొక్కదానివే చెప్పినావు టీచరమ్మా. అందుకే నేనూ ఉన్నమాట చెప్తాండా. ఇంగ ఆ పిల్లను యాడికీ పంపను" అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. ఆ పిల్ల బయటికి రాలేదు. డిగ్రీలో చేరలేదు. మూడేళ్ల తర్వాత నంద్యాల బస్టాండులో కనిపించి, నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

ఉన్నతస్థాయి శిక్షణకు నా బదులు ప్రభాకర్ అనే యువ డ్రిల్ మాస్టారు పోయాడు. అతనికి బిలే నేర్పింది నేనే. అతను ఇన్‌స్ట్రక్టరయ్యాక రెండో నంబరు వాడొద్దని ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. వార్షిక క్రీడల్లో కలిసినప్పుడు నవ్వుతూ, "టీచర్, మీ రెండో నంబరు ఇంగా గట్టిగానే ఉండాది. ఎంతమందిని ఎక్కిచ్చినానో లెక్కే లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పటి నుంచి ప్రతి ఏటా క్రీడల దగ్గర ఎవరో ఒకరు, "ఏం టీచర్, తెగిందా నీ తాడు?" అని అడగడం రివాజయింది.

తెగలేదు. 1986లో అయిదేళ్ల ఆయుష్షు తీరాక, తేదీ చూసి కండెమ్ చేశారు.

అది తెగలేదు కాబట్టి నేను రాసింది తప్పని మా ఆఫీసులో తేలిపోయింది. నేను రాసింది ఒప్పని తేలాలంటే ఒక పిల్లవాడు కింద పడాలి. ఆ అయిదేళ్లలో శిబిరం జరిగిన ప్రతి డిసెంబరులోనూ ఆ తాడు తెగకూడదని కోరుకున్నాను. అది తెగని ప్రతిసారీ నా మాట మరికొంత అబద్ధమవుతూ వచ్చింది. వృత్తిలో ఇట్లాంటి పందెం ఒకటి ఉంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. అనుమానం కలిగిన తాడు మీ చేతిలో ఉన్నంతసేపే దాని మీద మీకు అధికారం ఉంటుంది. చేయవలసింది ఆలోపే చేసేయాలి. స్టోరులో అప్పగించాక తాడు గురించి మీరేం రాసినా, అది మీ గురించి రాసిన కాగితంగానే ఫైల్లో చేరుతుంది.